బొటనవేలు నొక్కిన చోటు

ఆరేళ్ళుగా నా కుడిచేతి బొటనవేలంటే నాకు రోత. అన్నం కలుపుతుంటే కంటబడుతుంది. రసం పండు పట్టుకుంటే కంటబడుతుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు అక్కర్లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఐదో తరగతితో ఆగిన చదువు నాది, రాతలో తప్పులుంటే సర్దుకుని చదవండి. సర్దుకోమనేది రాతలో తప్పులకే.

మాది నూజివీడు పక్క ఊరు. మామిడి షెడ్డులో కాయలు ఏరి వేరుచేస్తాను. తొడిమ ఊడిన ముచ్చిక దగ్గర బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కితే చాలు, ఇది రేపటికి పండుతుంది, ఇది నాలుగు రోజులు ఆగుతుంది అని చెప్పేస్తాను. "ఆవిడ వేలు పడిందంటే ఇక చూడక్కర్లేదండీ" అని షావుకారు పదిమందిలో అనేవాడు. ఆ మాటకి ఎంత ఉబ్బిపోయేదాన్నో! ఇంట్లోకి గుడ్డ వచ్చినా గిన్నె వచ్చినా నా వేలు పడాల్సిందే.

ఆరేళ్ళ కిందట మా అబ్బాయి కిరణ్‌కి ఆటలాడే కంప్యూటరు పిచ్చి పట్టింది. తయారుగా ఉన్నది కొనే స్తోమత మాకు లేదు. విడిభాగాలు కొని బిగించుకుంటే తక్కువలో అవుతుందని మా అన్నయ్య కూతురు దుర్గ చెప్పింది. ఫోనులో చూసి, పాత కంప్యూటర్లు విప్పి, ఆ పని తనంతట తనే నేర్చుకుంది. నెలరోజులు మా అరుగు మీద ఇద్దరికీ అదే గొడవ.

"లోపల రంగు లైట్లు వెలిగే అద్దాల డబ్బా కావాలే," అనేవాడు వాడు.

"ఆడుకుంటావా, పెళ్ళి పందిరి వేస్తావా బావా? ఆ డబ్బులు ఆట సాఫీగా నడిపే గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టు. అదీ వాడినదే చూద్దాం. పవర్ సప్లై మాత్రం కొత్తదే, మంచిదే. అక్కడ కక్కుర్తిపడితే అన్నీ మాడిపోతాయి."

పప్పు ఏరుకుంటూ విని నవ్వుకునేదాన్ని. కానీ దుర్గకి అది ఆట కాదు. హనుమాన్ జంక్షన్‌లో కంప్యూటర్లు బాగుచేసే షాపాయన, "సొంతంగా ఒకటి బిగించి నడిపించి చూపించమ్మా, పనిలో పెట్టుకుంటాను" అన్నాడట. మామిడి సొనకి చేతులు పొక్కని పని. దుర్గకి కావలసింది అదొక్కటే.

సామాన్లు ఒక్కొక్కటే వచ్చాయి. ఆ కార్డు కోసం వాళ్ళిద్దరూ విజయవాడ వెళ్ళిన రోజు ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. అన్నిటినీ కలిపే పెద్ద పలక ఉంటుంది, మదర్‌బోర్డు అంటారు. దాని పెట్టె తెరిచాను. ఎందుకు తెరిచాను? నా వేలు పడని వస్తువు నా ఇంట్లో ఎలా ఉంటుంది! నడుమ చిన్న నల్లమూత. తీశాను. కింద బంగారు రంగులో, పసిబిడ్డ వెంట్రుకల్లాంటి తీగలు, లెక్కలేనన్ని, నిలబడి ఉన్నాయి. గట్టివా, మెత్తనివా? నొక్కాను. ముచ్చిక నొక్కినట్టే నొక్కాను.

ఒక మూల తీగలు గాలివానకు పడిపోయిన వరిలా వాలిపోయాయి. పిన్నీసుతో లేపబోతే ఇంకా చెడ్డాయి. మూత పెట్టి, పెట్టె ఎలా ఉన్నదో అలాగే సర్దేశాను. నొక్కడం తెలియనితనం అనుకోండి. మరి సర్దడం?

ఆదివారం పొద్దున దుర్గ గాజులు తీసి పక్కన పెట్టి, పరీక్ష రాసేదానిలా కూర్చుని అంతా బిగించింది. స్విచ్చి వేస్తే ఫ్యాన్లు తిరిగాయి, తెర మీద ఏమీ రాలేదు. మళ్ళీ విప్పి, ఫోను లైటు వేసి చూసింది. ఆ మూల వాలిన తీగలు కంటబడ్డాయి.

"అత్తా, ఈ పెట్టె ఎవరైనా తెరిచారా?"

"ఎవరు తెరుస్తారే? వాటి సంగతి మాకేం తెలుసు?"

అక్కడితో ఆగలేదు నేను. "బిగించినదానివి నువ్వేగా. నీ చెయ్యే పడి ఉంటుంది," అన్నాను.

దుర్గ తన చేతులు రెండూ తిప్పి చూసుకుంది. "నా చెయ్యేనేమో అత్తా," అంది.

నన్ను అనుమానించి ఉంటే ఎంత బాగుండేది! తన చేతుల్ని అనుమానించింది. ఆ షాపుకి వెళ్ళలేదు. కొత్త బోర్డు కొనడానికి ఆ సీజనంతా షెడ్డులో నా పక్కనే కూర్చుని కాయలు ఏరింది. కొత్తది వచ్చాక ముట్టుకోనంది, వేరే ఎవరో బిగించారు. నేనేం చేశానో తెలుసా? ముచ్చిక ఎలా నొక్కాలో దానికి నేర్పాను. ఈ వేలితోనే. ఎంత మంచి మేనత్త అన్నారు అందరూ. ఆ మాట కూడా నవ్వుతూ పుచ్చుకున్నాను, ఛీ.

ఇప్పటికీ దుర్గ షెడ్డులోనే ఉంది. పొక్కిన వేళ్ళకి కొబ్బరినూనె రాసుకుంటుంది. ఇంట్లో రిమోటు పాడైనా తను విప్పదు, తమ్ముడికి ఇస్తుంది. ఇప్పుడు చెబితే పోయిన ఏళ్ళు తిరిగొస్తాయా అని నాకు నేనే సర్దిచెప్పుకుంటాను. అదీ అబద్ధమే. 'ఆవిడ వేలు' అన్న పేరు పోతుందని నా భయం. ఆ పేరు కోసం ఒక పిల్ల చేతులు తీసేసుకున్నాను.

ఆ కంప్యూటరు ఇంకా నడుస్తోంది. పక్కగదిలో కిరణ్ ఆడుతున్నాడు, ఫ్యాను చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది. క్షమించమని మిమ్మల్ని అడగను. నష్టపోయింది మీరు కాదుగా. దుర్గ ఎదుట ఈ మాట అనగలనో లేదో కూడా చెప్పలేను. మూడు రోజులుగా ఒక్క ముక్క రాయాలని కలం పట్టుకోవడం, వదిలేయడం.

నొక్కింది నేను. దుర్గ చెయ్యి పడలేదు.

రాసేశాను. ఊపిరి కాస్త ఆడుతోంది. అలా ఆడుతున్నందుకూ రోతగానే ఉంది.