క్యాంటీన్‌లో లంచం క్లాసు

ముందు టీ చెప్పండప్పా, గొంతు తడుపుకొని చెప్తా. పోయిన వారం నేను చేసిన పని వింటే మీకు నవ్వొస్తాది. నాకు మాత్రం ఇంకా గుండె దడ తగ్గలే. ఈ చెయ్యి చూడండి. ఇదే చేత్తో ఒక విజిలెన్స్ ఆఫీసరు జేబులో కవరు దూర్చినా! దూర్చి ఊరుకుంటినా? "వెరీ గుడ్" అని భుజం కూడా తట్టినా!

ఆగండాగండి. మొదట్నుంచీ చెప్తా.

బుక్కరాయసముద్రం దాటినాక డ్రిప్పు పైపులు చేసే చిన్న ఫ్యాక్టరీ ఒకటుండాది. దాన్ని ఈమధ్య బెంగళూరు కంపెనీ ఒకటి కొనింది. కొన్నోళ్ళు ఊరికే ఉంటారా? పనిచేసే ప్రతి ఒక్కరూ ఎథిక్స్ టెస్టు రాయాల అన్నారు. అంతా ఇంగ్లీషులోనే. లంచాన్ని ఏమంటారు, దొంగ బిల్లును ఏమంటారు, కమీషన్ కొట్టేదాన్ని ఏమంటారు, అట్లాంటిది కంటపడితే ఎవరికి చెప్పాల... ఇదీ పరీక్ష. ఫెయిలైతే ఇప్పుడుండే సీటు పోతాది, లోడింగ్ పనికి పంపిస్తారు.

మేనేజరు నాకు ఫోన్ చేసినాడు. నేను పద్దెనిమిదేండ్లుగా స్పోకెన్ ఇంగ్లీషు చెప్తాండేది మీకు తెలుసు కదా.

"సార్, మిగతావాళ్ళు ఎట్లనో గట్టెక్కుతారు. ఇద్దరికి మాత్రం మీరే దిక్కు. వచ్చే సోమవారమే టెస్టు. రోజూ సాయంత్రం నాలుగు నుంచి ఐదు దాకా మా క్యాంటీన్‌లో చెప్పండి" అన్నాడు.

"వారం రోజుల్లో పాస్ చేయించకపోతే నా పేరు మార్చుకుంటా" అన్నా. చూసినారా, అప్పుడే ఎంత పొగరో!

ఆ ఇద్దరిలో ఒకాయన ఓబులేసన్న, స్టోర్ కీపరు. సొంతూరు తనకల్లు పక్క పల్లె, ఇప్పుడుండేది ఫ్యాక్టరీ దగ్గరే. ఇరవై రెండేండ్లుగా ఆ స్టోర్ తాళాలు ఆయన నడుముకే వేలాడతాండాయి. యాభై దాటినాడు, మోకాళ్ళు నొప్పి. లోడింగ్‌కి పంపిస్తే నాలుగు రోజులు కూడా నిలబడలేడు. రెండో ఆమె లలితమ్మ, క్వాలిటీ చెకింగ్. పైపును వేళ్ళ మధ్య పెట్టి లాగితే చాలు, యాడ పల్చగా ఉండాదో చెప్పేస్తాది. పనిలో ఇద్దరికీ వంక పెట్టేకి లేదు. ఇంగ్లీషొక్కటే అడ్డం.

సోమవారం మొదటి క్లాసు. బోర్డు మీద పెద్దగా రాసినా: ఎంబెజిల్‌మెంట్. "అంటే, మనల్ని నమ్మి చేతికిచ్చిన సొత్తును మనమే మింగేయడం" అని చెప్పినా.

ఓబులేసన్న నోరు అటూ ఇటూ తిప్పినాడు. "యంబజిల్... యంబజల్... సార్, తినేటోడు ఎవడైనా ఇంత కష్టమైన పేరు పెట్టుకొని తింటాడా?"

కిక్‌బ్యాక్ అన్నా. "గాడిద తన్నేదా సార్?" అన్నాడు.

మనీ లాండరింగ్ అన్నా. ఈసారి లలితమ్మ లేచింది. "దుడ్లు ఉతికేది నేరమా సార్? మా ఇంటాయన చొక్కా జేబులో నోట్లు మర్చిపోతే నేనెన్నిసార్లు ఉతికి ఆరేసినానో! నన్ను పట్టుకుంటారా ఏమి?"

ఆ పూట బాగా నవ్వుకున్నాము. కానీ మరుసటి రోజు అడిగితే ఒక్క మాటా గుర్తు లేదు ఇద్దరికీ. ఓబులేసన్నకి గాడిద ఒక్కటే గుర్తుండాది. నాకు పట్టుదల వచ్చేసింది. అప్పటికప్పుడు ఒక రూలు పెట్టినా. నాలుగు నుంచి ఐదు దాకా ఆ క్యాంటీన్‌లో ఒక్క తెలుగు ముక్క వినపడకూడదు. ఎవరు తెలుగు మాట్లాడితే వాళ్ళు ఆ పూట టీ గ్లాసులన్నీ కడగాల. షిఫ్టు దిగినోళ్ళు తాగి పెట్టిన గ్లాసులు. తక్కువేం కావు, రెండు బక్కెట్లు!

మంగళవారం ఓబులేసన్న కడిగినాడు. బుధవారమూ ఆయనే. బుధవారం కడగడం అయినాక, తడి చేతులు ప్యాంటుకు తుడుచుకుంటా వచ్చి నా ముందర నిలబడినాడు.

"సార్, రేపు నా నెత్తిన కొండ పడినా సరే, నా నోట్లోంచి తెలుగు రాదు. చూస్తా ఉండండి."

"శభాష్ అన్నా! అట్లుండాల!" అన్నా.

ఇంటికి పోయి నేనూ ఆలోచన చేసినా. బట్టీ పడితే వీళ్ళకు ఎక్కదు, యాక్టింగ్ చేయిస్తే ఎక్కుతాది. గురువారం లంచం సీను పెడదాం. లలితమ్మ సరుకు అమ్మేకి వచ్చిన సప్లయరు. ఓబులేసన్న లంచం తీసుకునే స్టోర్ కీపరు. పాత పెండ్లి పత్రిక కవరొకటి వెతికి, పేపరును నోట్ల సైజుకు కత్తిరించి అందులో కూరినా. లావుగా తయారయింది. చూస్తే మా ఇంటామెకే అనుమానమొచ్చింది, "ఏమప్పా, యాడివి ఇన్ని దుడ్లు?" అని.

అదే రాత్రి మేనేజరు ఫోన్. "సార్, రేపు క్లాసుకు ఇంకొకాయన వస్తాడు, మా చిలమత్తూరు డిపో నుంచి. కొంచెం మొగమాటస్తుడు, మీరే మాట్లాడించాల" అన్నాడు. మొగమాటం పోగొట్టేది నాకొదిలేయండి అన్నా.

గురువారం నాలుగుంబావు. సీను మొదలు. లలితమ్మ కొంగు సర్దుకొని, కవరు ముందుకు చాపి, "గుడ్ ఈవెనింగ్ సార్. ప్లీజ్ యాక్సెప్ట్ స్మాల్ గిఫ్ట్" అనింది. భలే చెప్పిందప్పా!

ఓబులేసన్న కవరును చూసి మొగం పక్కకు తిప్పుకున్నాడు. "నో. ఐ యామ్ గుడ్ మ్యాన్."

"అన్నా! యూ ఆర్ బ్యాడ్ మ్యాన్! ఓన్లీ యాక్టింగ్! టేక్ ఇట్!"

చెయ్యి చాపబోయి మళ్ళీ వెనక్కి లాక్కున్నాడు. ఆటకు కూడా ఆ మనిషికి చెయ్యి రావడం లే. చెమటలు పడతాండాయి. సీను సగంలో ఆపితే నేనేం మాస్టరు? గొంతు పెంచినా. "టేక్ ది బ్రైబ్! ఐ సే, టేక్ ది బ్రైబ్!" క్యాంటీన్ రేకులు అదిరినాయి.

అప్పుడు చూసినా, వాకిట్లో ఒకాయన నిలబడి ఉండాడు. నలభై ఏండ్లుంటాయి, ఇన్‌షర్టు, భుజాన బ్యాగు. ఎవరో కాదు, చిలమత్తూరు డిపో మనిషే అనుకున్నా.

"ఏం జరుగుతా ఉంది ఇక్కడ?" అన్నాడాయన.

నేను వేలెత్తినా. "నో తెలుగు! ఓన్లీ ఇంగ్లీష్! కమిన్, కమిన్!"

ఆయన నన్ను కిందనుంచి మీది దాకా చూసినాడు. "వాట్ ఈజ్ గోయింగ్ ఆన్ హియర్?"

అబ్బ, ఏం ఉచ్చారణ! ఇంత బాగా మాట్లాడేటోడికి మొగమాటమెందుకో అనుకున్నా. "ఓబులేసన్నా, ఆన్సర్ హిమ్. ఫుల్ సెంటెన్స్!"

ఓబులేసన్న చేతులు కట్టుకొని నిటారుగా నిలబడినాడు. "సార్, వుయ్ ఆర్ డూయింగ్ బ్రైబరీ ప్రాక్టీస్."

"సిన్స్ వెన్?"

"సిన్స్ మండే సార్. డైలీ ఫోర్ టు ఫైవ్."

"హూ ఈజ్ ఇన్‌వాల్వ్‌డ్?"

"మీ. దిస్ మేడమ్. మేనేజర్ సార్ పర్మిషన్ గివెన్. క్యాంటీన్ ఆల్సో గివెన్."

"హూ టాట్ యూ దిస్?"

ఓబులేసన్న రెండు చేతులూ నా వైపు చాపినాడు, దేవుణ్ణి చూపించినట్ల. "దిస్ సార్. ఎయిటీన్ ఇయర్స్ ఎక్స్‌పీరియెన్స్."

నేను నవ్వు మొగంతో తల ఊపినా. గర్వమప్పా! మూడు రోజులు గాడిద దగ్గరే ఆగిపోయిన మనిషి, గడగడా జవాబులు చెప్తాండాడు కదా! ఆ వచ్చినాయన బ్యాగులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకుంటాండాడు. చూడండి, స్టూడెంటంటే ఇట్లుండాల, వచ్చీ రాగానే నోట్సు, అని వీళ్ళిద్దరికీ సైగ చేసినా.

"అండ్ టుమారో?" అన్నాడాయన రాసుకుంటానే.

"టుమారో ఫోర్జరీ" అనింది లలితమ్మ. ఆమెకూ మాట్లాడే వంతు రావాల కదా! "సాటర్‌డే రివిజన్."

ఇంక కొత్తాయనకు వంతు ఇవ్వాల. మొగమాటం పోగొడతానని మేనేజరుకు మాటిచ్చింటి. "నౌ యువర్ టర్న్" అన్నా. "యూ బి ది ఆఫీసర్."

"ఐ యామ్ ది ఆఫీసర్" అన్నాడు.

"ఎక్సలెంట్! వన్స్ మోర్, విత్ ఫీలింగ్!"

"ఐ. యామ్. ది. ఆఫీసర్."

ఆ కోపం, ఆ చూపు! నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. లలితమ్మ చేతిలో కవరు లాక్కొని ఆయన చొక్కా జేబులో దూర్చినా. లావు కవరు కదా, దిగలే. రెండు వేళ్ళు పెట్టి నొక్కి మరీ దింపినా. భుజం తట్టినా. "వెరీ గుడ్! నౌ సే థాంక్యూ!"

ఆయన థాంక్యూ చెప్పలే. బ్యాగులోంచి తాడున్న కార్డొకటి తీసి నా మొగానికి జానెడు దూరంలో పెట్టినాడు. ఫోటో ఆయనదే. ఫోటో కింద ఉండాది, బెంగళూరు కంపెనీ విజిలెన్స్ అని. చెప్పకుండా చెకింగ్‌కి వచ్చిన మనిషి!

నా పద్దెనిమిదేండ్ల ఇంగ్లీషు ఆ ఒక్క క్షణంలో యాడికి పోయిందో! "సార్, అది కాదప్పా... అంటే సార్, మీరు తప్పుగా అనుకుంటాండారు, ఇది ఉత్త..."

"సార్!" లలితమ్మ అరిచింది. "తెలుగు! యూ వాష్ గ్లాసెస్!"

ఆయన తలుపు మూసి వాచ్‌మన్‌ను అడ్డం నిలబెట్టినాడు. మా ఫోన్లు మూడూ టేబుల్ మీద పెట్టించినాడు. మేనేజరుకు తనే ఫోన్ చేసినాడు, ఒకసారి కాదు, నాలుగుసార్లు. మేనేజరు ఆ పొద్దు కదిరిలో ఎవరిదో పెండ్లికి పోయినాడు. మేళాల సద్దులో ఫోను యాడ వినపడతాది?

"ఏ సెక్షన్ మీది?" అని ఓబులేసన్నను తెలుగులోనే అడిగినాడు.

"స్టోర్, సార్. స్టోర్ కీపర్."

ఆఫీసరు పెన్ను ఆగిపోయింది. స్టోర్ కీపరు, లంచం కవరు, డైలీ ప్రాక్టీసు! ఇంకేం కావాల ఆయనకు? నాదేముంది, నేను బయట మనిషి, ఇంటికి పోతా. ఓబులేసన్న గతేమి? టెస్టు పాస్ చేయిస్తానని వచ్చి, రాయకముందే ఆయన ఉద్యోగం ఊడగొడతాండానే!

"ఇంతకుముందు ఎప్పుడైనా తీసుకున్నారా?" అన్నాడు ఆఫీసరు.

"అన్నా, తెలుగులో చెప్పన్నా! రూలు తీసేసినా! గ్లాసులన్నీ నేనే కడుగుతా!" అని నేను బతిమాలతాండా.

ఓబులేసన్న నా వైపు కూడా చూడలే. కండ్లు మూసుకొని మాటలు వెతుక్కున్నాడు. తర్వాత నిదానంగా చెప్పినాడు.

"సార్. ట్వంటీ టూ ఇయర్స్. వన్ నట్, నాట్ టేకెన్. వన్ బోల్ట్, నాట్ టేకెన్. స్టోర్ ఓపెన్. యూ కౌంట్. ఐ వెయిట్."

నడుముకున్న తాళాల గుత్తి ఊడదీసి టేబుల్ మీద పెట్టినాడు.

నేను నేర్పించిన మాట ఒక్కటి కూడా లేదప్పా అందులో. అయినా నా క్లాసులో అంత మంచి ఇంగ్లీషు నేనెప్పుడూ వినలే.

ఆఫీసరు ఆ తాళాలనే కొంచెంసేపు చూసినాడు. తర్వాత జేబులోంచి కవరు పీకి చించినాడు. పేపరు ముక్కలు జలజలా రాలినాయి. ఒక ముక్కలో చెనక్కాయల రేట్లు, ఇంకో ముక్కలో రాశిఫలాలు. ఒకటి ఎత్తి చదివినాడు, కింద పెట్టినాడు. తలెత్తితే, నా వెనకాల బోర్డు కనపడింది. బ్రైబరీ, ఫోర్జరీ, కిక్‌బ్యాక్... పదకొండు మాటలు, పక్కన తెలుగు అర్థాలు. లేచి పోయి బోర్డు ముందర నిలబడి ఒక్కొక్కటే చదివినాడు.

"ఇది ఎవరు రాసింది?"

"నేనే సార్."

చాక్‌పీసు తీసుకున్నాడు. ఎంబెజిల్‌మెంట్‌లో నేను ఒకటే జెడ్ పెట్టింటి, పక్కన ఇంకొకటి ఇరికించినాడు. విజిల్ బ్లోయర్‌లో హెచ్ మర్చిపోయింటి, అదీ పెట్టినాడు. చేతులు దులుపుకొని నా వైపు తిరిగినాడు.

"మాస్టారూ, ఇక్కడ నేరమేమీ కనపడలేదు నాకు. స్పెల్లింగ్ ఒక్కటే ఘోరం."

అని నవ్వినాడు! ఆ నవ్వు విన్నాక గానీ లలితమ్మ కుర్చీలో కూలబడలే. ఓబులేసన్న మాత్రం నవ్వలే. "సార్, స్టోర్?" అన్నాడు. పట్టుబట్టి తీసుకుపోయినాడప్పా ఆయన్ని! రెండు గంటలు లెక్క చూసినారు. ఒక్క నట్టు తక్కువ రాలే.

చిలమత్తూరు డిపో ఆయన గురించి తర్వాత తెలిసింది. నాలుగుంబావుకే వాకిలి దాకా వచ్చినాడంట. లోపల నేను "టేక్ ది బ్రైబ్" అని అరిచేది విని, వచ్చిన దావనే పోయి బస్సెక్కినాడంట. పాపం, నిజంగానే మొగమాటస్తుడు.

సోమవారం టెస్టు జరిగింది. ఓబులేసన్న పాసు! లలితమ్మ పాసు! నేను ఫెయిలు.

అవునప్పా, నేను కూడా రాసినా! ఆ ఆఫీసరు రిపోర్టులో ఒక లైను రాసిపోయినాడు, బయటి నుంచి వచ్చి పాఠం చెప్పేటోళ్ళు కూడా టెస్టు రాయాల అని. రెండు మార్కుల్లో పోయింది. తమాషాకి ఆఫీసరుకు కవరిస్తే అది తప్పా కాదా అని ఒక ప్రశ్న ఉండింది. కాదని రాసి, ఎందుకు కాదో కింద మూడు లైన్లు వాదించినా కూడా.

వచ్చే సోమవారం మళ్ళీ రాయాల. రాస్తా, పాసవుతా, వదిలిపెట్టేదే లేదు. పొద్దున్నే ఆరింటికి ఓబులేసన్న ఇంట్లో ట్యూషన్‌కి పోతాండా. భలే స్ట్రిక్టప్పా ఆయన! ఈ పొద్దు రెండు నిమిషాలు ఆలస్యంగా పోయినానని వాకిట్లోనే నిలబెట్టి ఇంగ్లీషులో తిట్టినాడు. తిట్టులో ఒక గ్రామర్ తప్పు దొర్లింది. దిద్దుదామని నోరు తెరిచినా. మళ్ళీ మూసుకున్నా. ఫెయిలైనోన్ని, నాకెందుకప్పా!