మా అక్క అలికిన గోడలు

నేను చదివింది నాలుగో తరగతి వరకే. ఆ చదువుతోనే మా ఊరి పంచాయితీ కూడే ఖోట్లలో ముప్పై ఏళ్లు పెద్దల వరుసలో కుర్చీ వేసుకుని కూర్చుని తగవులు తీర్చాను. ఊరికి బోరు వేయించింది నేను. బడికి రేకుల కప్పు వచ్చింది నా తిరుగుడు వల్లే. బోట్స్వానాకు స్వతంత్రం రాకముందు జరిగిన తొలి ఎన్నికలో ఓటు వేసినవాణ్ణి. హైకోర్టులో జడ్జీ ముందు నిలబడి మా ఆచారం చెప్పినవాడు మా ఊళ్లో నేను తప్ప ఇంకొకడు లేడు. అయితే ఆ పేరు నాకు మా అక్క వల్ల వచ్చింది.

అక్క పేరు మొసెత్సానగాపె. మళ్లీ ఆడపిల్లే అని దాని అర్థం. ఆమెకు ముందు పుట్టిన ఇద్దరూ ఆడపిల్లలే, ఇద్దరూ దక్కలేదు. ఆమె తర్వాత నేను, చాలా ఏళ్లకు ఆఖరివాడు ఒతెంగ్. అక్క పడుచుదనమంతా జోహన్నెస్‌బర్గ్‌లో తెల్లవాళ్ల వంటిళ్లలో గడిచింది. అమ్మ పడకేసిందని తిరిగొచ్చి ఇక కదల్లేదు. పెళ్లి చేసుకోలేదు. పూరింటి చోట ఇటుకలతో రెండు గదులు కట్టింది ఆమే. అమ్మను, తర్వాత నాయనను చివరిదాకా చూసుకుంది ఆమే. ఒతెంగ్ ఫ్రాన్సిస్‌టౌన్‌లో బస్సు తోలేవాడు. ఇద్దరినీ పూడ్చడానికి మాత్రం వచ్చాడు.

నాయన పోయిన నెలకు ఆయన బట్టలు పంచిన రోజున మేనమామ పంపకం చెప్పాడు. పశువులు పెద్దకొడుక్కి, ఇల్లు ఆఖరివాడికి. అక్క గిన్నెలు తోముతోంది.

"మరి నేనెక్కడుండాలి మామా?"

"నిన్నెవరు పొమ్మన్నారే తల్లీ? తమ్ముడు ఉండనిచ్చినన్నాళ్లు ఉండు."

తమ్ముడు ఒక్క ఏడాది ఉండనిచ్చాడు. తర్వాత వచ్చి, "అక్కా, వానలకు ముందే ఖాళీ చెయ్యి. ఇల్లు బాడుగకిస్తాను" అన్నాడు. అక్క కదలకపోయేసరికి ఖోట్లకు ఎక్కాడు.

మగవాళ్లం కుర్చీల్లో ఉన్నాం. అక్క నేలమీద చాప పరుచుకుని కూర్చుంది. పెద్దల్లో ఒకాయన నవ్వుతూ, "ఈ వయసులో నీకు ఇల్లెందుకమ్మా? మళ్లీ పెళ్లి ఆలోచనా?" అన్నాడు.

"మళ్లీ ఏమిటి, ఒకసారైనా అయితే కదా! నువ్వు కన్యాశుల్కం ఆవుల్ని తోలుకొస్తానంటే చెప్పు, చేసుకుంటాను" అంది అక్క.

అందరూ నవ్వారు. తీర్పు మాత్రం మామ చెప్పినట్టే వచ్చింది. ఆచారం ఏమిటని నన్ను అడిగారు. ఉన్నది చెప్పాను.

అక్క ఏడవలేదు. చాప చుట్టి చంకలో పెట్టుకుని ఇంటికి వెళ్లింది. కొన్నాళ్లకు ఈ సంగతి విని రాజధాని గాబొరోన్ నుంచి ఒక లాయరమ్మ వచ్చింది. రాజ్యాంగంలో ఆడా మగా సమానమని రాసి ఉందని, కోర్టుకు వెళదామని చెప్పింది. అక్క వేలిముద్ర వేసింది.

తేలేదాకా అక్కను ఇంట్లోంచి కదపొద్దంది కోర్టు. వ్యాజ్యం ఏళ్ల తరబడి సాగింది. ఆ ఏళ్లన్నిటా అక్క ఒక్క వానాకాలం కూడా తప్పించకుండా వాకిలి చుట్టూ ఉన్న మట్టిగోడ అలికింది. మాలో వాకిలి గోడ అలక్కపోతే అది పాడుపడిన ఇల్లే. పాడుపడిన ఇంట్లోకి ఎవరు దిగినా అడిగేవాళ్లుండరు. ఒతెంగ్ మనుషులు ఆ దారిన ఊరికే నడిచి చూసిపోయేవాళ్లు. అక్క జ్వరంతో ఉన్నా ఎర్రమట్టి, పేడ కలిపి అలికి, తడి ఆరకముందే వేళ్లతో వంపు గీతలు గీసేది.

కోర్టు నన్ను సాక్షిగా పిలిచింది. కోటు వేసుకుని వెళ్లాను.

"మీ ఆచారంలో ఆడపిల్లకు ఇల్లు రాదా?" అని జడ్జీ అడిగాడు.

"రాదండి."

"ఎన్నడూ ఇవ్వలేదా?"

"ఇచ్చాం. మేనమామ అందరినీ కూర్చోబెట్టి, అందరూ సరేనంటే ఇచ్చిన ఇళ్లున్నాయి."

"మీ అక్క సంగతిలో అలా కూర్చోబెట్టారా?"

"లేదండి."

ఆ మాట రాసుకున్నారు. ఆడది అయినందుకే ఇల్లు దక్కదనడం రాజ్యాంగానికి విరుద్ధమని తీర్పు వచ్చింది. ఇల్లు అక్కదయింది. ఊరి ఆడవాళ్లు మేం బస్సు దిగిన చోటే సంబరంగా నాలుక ఆడిస్తూ కేకలు వేశారు. అక్క వాళ్ల మధ్యలోంచి నడిచి ఇంటికెళ్లి పొయ్యి వెలిగించింది.

"అక్కా, గెలిచాం" అన్నాను.

"నువ్వేం గెలిచావురా?" అంది. కోపంగా అనలేదు. "సంకటి వేడిగా ఉంది, తిను."

ఒతెంగ్ కబురు పంపాడు, ఇక ఆ వాకిట్లో అడుగు పెట్టనని, ఆమె చచ్చినా రానని. అక్క విని, "సరే" అంది. కోళ్లకు జొన్నలు చల్లింది.

ఆ ఏడు వానలు దగ్గరపడ్డాయి. వాకిలి గోడ పెచ్చులూడుతోంది.

"ఎర్రమట్టి తెప్పించనా అక్కా?"

"వద్దులే."

"పాడుపడ్డ ఇల్లంటారు."

"అననీరా. ఇప్పుడు అంటే ఎవరొచ్చి దిగుతారు?"

పీట గోడవారకు జరుపుకుని కూర్చుంది. గోటికి తగిలిన పెచ్చు ఒకటి ఊడి ఒళ్లో పడింది. చేత్తో దులిపేసింది. వాన మొదలై అక్క లేచాక నేనే పీట లోపల పెట్టాను.