సుగుణ మేడం వదిలిన మౌనాలు

మొన్న కోదాడలో టీవీలు బాగుచేసే దుకాణం ముందు నిలబడితే, వేడెక్కిన దుమ్ము వాసన వచ్చింది. లోపల ఎవరో పాత టీవీ వెనుక మూత తీసి చూస్తున్నారు. మిర్యాలగూడలో మా కేబుల్ చానల్ గదిలో ఎప్పుడూ అదే వాసన. ఆ గదిలోనే నేను కెమెరా పట్టడం నేర్చుకున్నాను. నేర్పింది సుగుణ మేడం.

మేడమీద రెండు గదులు, ఒక కెమెరా, మేము నలుగురం. కాలువకు నీళ్ళు ఎప్పుడు వదులుతారో, గొర్రెలకు ఏ జబ్బు సోకిందో, ఎవరు తప్పిపోయారో మా చానలే చెప్పేది. ప్రకటనలు రావు, ఏటా ప్రభుత్వం ఇచ్చే గ్రాంటే ఆధారం. ఒక ఏడు అది ఆలస్యమైంది, మరో ఏడు సగమే వచ్చింది. కేబుల్ రుసుములో కొంత వాటా ఊరి చానళ్ళకే చెందాలని, దాన్నెవరూ ఆపకుండా చట్టం రావాలని మేడం అప్పుడే పట్టుబట్టారు. "దయ మీద నడిచేది ఎన్ని దినాలుంటది లతా? చట్టముంటెనే ఉంటది," అనేవారు.

హైదరాబాద్‌లో శాసనసభ్యుల కమిటీకి చూపించడానికి జనం మాటలు రికార్డు చేశాం. వాళ్ళలో గరిడేపల్లి గొర్రెల కాపరి లింగయ్య తాత ఒకడు. మతి తప్పి ఇల్లు వదిలిన ఆయన భార్య, మా చానల్లో ఫొటో చూసినవాళ్ళ వల్లే వాడపల్లిలో దొరికింది. అదంతా చెప్పి, "ఇంకేమన్న అడగాల్నంటె నన్ను పిలువుండ్రి. నేను గీడనే ఉంట," అన్నాడు.

కమిటీ గది బయట కూర్చుని ఉండగా ఫోన్ వచ్చింది. ఆ పొద్దున్నే తాత పోయాడట. మేడం గోడకు చెయ్యి ఆనించి నిలబడి, లోపలికి నడిచారు. వీడియో అయిపోయాక ఒక సభ్యుడు అడిగారు: "ఈయనను ఒకసారి పిలిపిస్తరా?"

"ఇగ రాడు సార్," అన్నారు మేడం. " ఇయ్యాల పొద్దుగాలనే పోయిండు."

తెర మీద తాత ముఖం అలాగే ఆగి ఉంది. ఆ సభ్యుడు తల దించుకున్నారు.

తిరుగు బస్సు మాడుగులపల్లి దాటాక మేడం నా భుజం తట్టారు. "రేపు నన్ను రికార్డు చెయ్యి లతా," అన్నారు.

"గట్లంటరేంది మేడం?"

ఆమెకు జబ్బు ఉందనీ, అది అప్పటికే ముదిరిందనీ నాకు తెలియదు.

మర్నాడు కెమెరా ముందు ఆమె తీరు వింతగా ఉంది. రెండు మాటలు చెప్పి ఆగేవారు. ఎవరో అడుగుతుంటే విన్నట్టు తలూపి, జవాబిచ్చేవారు. గదిలో ఉన్నది మేమిద్దరమే. "ఎవరితోని మాట్లాడుతున్నరు?" అన్నాను.

"అడిగేటోళ్ళు వస్తరు. నడిమిట్ల కట్ చెయ్యకు."

ఆ వానాకాలం దాటకుండానే మేడం పోయారు. గ్రాంటు ఆగి చానల్ మూతబడింది.

ఈ మధ్య సూర్యాపేటలో అధికారుల సమావేశానికి ఆ వీడియో తీసుకెళ్ళాను. మొదటి మౌనానికి అందరూ ఇబ్బందిగా కదిలారు. రెండోసారి ఒక అధికారి ఉండబట్టలేక, "ప్రైవేటు చానళ్ళు బోలెడున్నయి గదా, ఇదెందుకు?" అని గొణిగారు.

తెర మీద మేడం తలూపారు. "ఉన్నయి సార్. లింగయ్య తాత భార్య తప్పిపోతె ఏ చానల్ల సూపిచ్చిన్రు?"

అధికారి చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టేశారు. "ఇది ఎప్పుడు తీసిన్రు?" అని నన్నడిగారు. ఆమె బతికుండగానే అన్నాను.

చట్టం కావాలన్న మా వినతిని పైకి పంపారు. చట్టం ఇంకా రాలేదు. నేను ఆ వీడియో పట్టుకుని తిరుగుతూనే ఉన్నాను. అందులో చివరి మౌనం చాలా పొడవు. అప్పుడు మేడం జవాబివ్వరు. కెమెరా వెనుక నేను నిలబడ్డ చోటికి చూపు తిప్పి, ఊరుకుంటారు. అలసిపోయారనుకున్నాను ఆ రోజు. ఇప్పుడు ఏ ఊరి హాల్లోనైనా సరిగ్గా అక్కడికి వచ్చేసరికి ఎవరో ఒకరు ప్రశ్న వేస్తారు. నేను లేచి జవాబు చెబుతాను. చెప్పడం అయ్యేదాకా ఆమె చూపు నా మీద నుంచి కదలదు.