షట్టరు చక్రం మీద ఎర్ర అరవై

కొనే సరుకు గురించి ప్రశ్నలు అడగకూడదని మా ఇంట్లో నియమం. అడిగితే మనకు తెలియదని బయటపడుతుంది. తెలియనివాడికి ఎవడూ ధర తగ్గించడు. హౌరాలో మా నాన్న కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి, ఈ విద్య నాకు ఎవరూ నేర్పక్కర్లేదు.

అందుకే ధర్మతలా బజారు కొట్లో పాత కెమెరా బేరమాడినప్పుడు లెన్సును వెలుతురుకెత్తి పెదవి విరిచాను. గీతలున్నాయన్నాను. మూడుసార్లు మెట్లు దిగాను. షట్టరు వేగం తిప్పే చక్రం మీద అన్నీ తెల్ల అంకెలుంటే అరవై ఒక్కటే ఎర్రగా ఎందుకుందో మాత్రం అడగలేదు. కొట్టాయన ఏదో చెప్పబోతే, "తెలుసులే దాదా" అని నోరు మూయించాను.

నెల తిరక్కుండానే సంత్రాగాఛి రైల్వే క్వార్టర్సులో మా పిన్ని కూతురి పెళ్లి. ఫొటోలు నేనే తీస్తానని గొప్పగా ఒప్పుకున్నాను. హాల్లో పట్టపగలే చీకటి. ఫ్లాష్ బిగించి, వేగం పెంచితే బొమ్మ కదలకుండా వస్తుందని నూటపాతిక మీద పెట్టి, గౌరీపూజంతా ఒక రీలు తీసేశాను. రెండో రీలు ఎక్కిస్తుంటే ఆ ఎర్ర అరవై మళ్లీ కంటబడింది. నూటపాతిక మీదున్న చక్రాన్ని ఓసారి, అయిపోయిన రీలును ఓసారి చూశాను. లోపల ఏం పడిందో కడిగించేదాకా తెలియదు కదా.

"ఏటిరా ఆ సెమటలు? పెళ్లి నీకా దానికా?" అంది పిన్ని.

పురోహితుడు జీలకర్ర, బెల్లం తెమ్మన్నాడు. ఇంకోసారి పెట్టండని వధూవరులను అడగలేను. మగపెళ్లివారు తెచ్చుకున్న ముసలి బెంగాలీ ఫొటోగ్రాఫరు పక్కకు చేరి, గొంతు తగ్గించి బెంగాలీలో అడిగాను.

"దాదా, ఈ ఎర్ర అంకె దేనికి?"

ఆయన చక్రాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. "ఫ్లాష్ వేస్తే అది దాటకూడదు. దాటావంటే లోపలి తెర పూర్తిగా తెరుచుకోదు, సగం బొమ్మ నలుపే. ఎన్ని తీశావు?"

"ఒక రీలు."

"కెమెరా ఎంతకు కొన్నావు?"

చెప్పాను.

"బేరం మాత్రం బ్రహ్మాండం," అని తనే చక్రాన్ని అరవైకి తిప్పి, నన్ను తన ముందుకు నెట్టాడు.

ముహూర్తం ఫొటోలు దక్కాయి. మొదటి రీలంతా సగం సగమే. ఒక దాంట్లో పెళ్లికూతురి తల మీద దీవిస్తున్న చెయ్యి ఉంది, ఆ పక్కంతా నలుపు. శ్రీకాకుళం నుంచి ఈ పెళ్లికోసమే రైలెక్కి వచ్చిన అమ్మమ్మ దాన్ని కళ్లద్దాల దగ్గరగా పెట్టుకుని చాలాసేపు వెతికింది.

"గాజులు నావే. మరి నా మొకమేదిరా? బేరంలో ఒగ్గీసొచ్చినావేటి?"