రెండూ నకళ్లేనన్న నా తీర్పు

ఒక సంగీతాన్ని రెండవసారి వినాలంటే దుకాణం దాకా నడిచి వెళ్లవలసిన కాలం ఒకటుండేది. నేటివారికి ఆ శ్రమ లేదు. ఫోను మీద వేలు ఆనిస్తే చాలు, పాత చిత్రాల సంగీతం మూడు నాలుగు రూపాల్లో వరుస కడుతుంది: నాటి అసలు ముద్రణ, దానిని శుభ్రపరచినది, కొత్త వాద్యబృందం మళ్లీ వాయించినది. మా వద్ద మాత్రం ఏదో ఒక్కటే ఉండేది. ఒక్కటే ఉన్నది గనుక అదే సత్యమని నమ్మేవాళ్లం. నమ్మినదానిని నలుగురిలో గట్టిగా ప్రకటించేవాళ్లం కూడా (నేను మరికాస్త గట్టిగా).

అప్పట్లో నేను దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో గణితం బోధించేవాడిని. కొత్తపేటలో పండ్ల మార్కెట్టు వెనుక వీధిలో ఒక గది కిరాయికి తీసుకున్నాను. వేసవి వచ్చిందంటే నా చొక్కాలకు సైతం మామిడిపండ్ల వాసన పట్టేది. గది చిన్నదే అయినా అందులో ప్రతి వస్తువుకూ ఒక స్థానముండేది. చెప్పుల జత తలుపుకు సమాంతరంగా లేకపోతే నాకు నిద్ర పట్టేది కాదు. ఆ గదిలోని ఏకైక విలాసం ఒక టేపు రికార్డరు, దానికి తోడుగా ఒకే ఒక్క క్యాసెట్టు. బస్ డిపో ఎదుట ఒక దుకాణదారు మనం కోరిన పాటలను తన రికార్డుల మీది నుంచి ఖాళీ క్యాసెట్టులోకి ఎక్కించి ఇచ్చేవాడు. ఒక పాత చిత్రపు ఆరంభ సంగీతాన్ని, అంటే తెర మీద పేర్లు పడుతున్నప్పుడు వచ్చే వాద్య సంగీతాన్ని, అతనిచేత ఎక్కించుకున్నాను. మొదట వీణ, తరువాత వయొలిన్లు, వాటి మీదుగా వేణువు మెల్లమెల్లగా పైకెక్కుతుంది. అది శిఖరాన్ని తాకిన మరుక్షణమే, ఊపిరైనా తిప్పుకోనివ్వకుండా, మృదంగం విరుచుకుపడుతుంది. ప్రతి ఉదయం గడ్డం గీసుకుంటూ వినేవాడిని. ఆ సంగీత దర్శకుడి ప్రతిభ అంతా ఆ దూకుడులోనే ఉన్నదని నిర్ణయించి, సహోద్యోగులకు వివరించాను. చలన కలనం పాఠంలో, ఉన్నట్టుండి విలువ మారే ప్రమేయానికి దానినే ఉదాహరణగా చెప్పాను (విద్యార్థులు శ్రద్ధగా రాసుకున్నారు).

అటువంటి రోజుల్లో మా బావ ఒక సంబంధం తెచ్చాడు. అక్క భర్త. నల్లగొండ నుంచి లారీ నడిపేవాడు. ఎల్‌బీ నగర్‌లో విజయవాడ రోడ్డు మీద లారీ విడిభాగాలు అమ్మే ఒక కృష్ణా జిల్లా పెద్దాయనతో అతనికి చాలాకాలంగా పరిచయం. ఆ పెద్దాయన పెద్దమ్మాయిని చూడటానికి ఇద్దరం బయలుదేరాము. దారి పొడవునా బావ నాకు బుద్ధులు చెప్పాడు.

"బామ్మర్దీ, గాయనకు పాత సంగీతమంటే పానం. ఏం పెట్టినా బాగుందను. లెక్కల క్లాసు మాత్రం పెట్టకు."

"అబద్ధం చెప్పడం నా పద్ధతి కాదు బావా."

"అబద్ధం ఎవడు చెప్పమన్నడు? జర నోరు మూస్కోమంటున్న."

ఆ ఇంట్లో నా మనసు కుదరడానికి క్షణం పట్టలేదు. అమ్మాయి కాఫీ తెచ్చింది. పళ్లెంలోని కప్పుల పిడులన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఉన్నాయి. ఆమె ముఖాన్ని నేను ఆ తరువాతే చూశాను. ఈ సంబంధం తప్ప మరొకటి వద్దని అప్పుడే తీర్మానించుకున్నాను. బావ అప్పటికి మూడవ సున్నుండలో ఉన్నాడు.

పెద్దాయన చేతులు తుడుచుకుని రెండు క్యాసెట్లు తీశారు. "మీకు సంగీతం బాగా తెలుసంట కదా బాబూ. ఒకటే సంగీతం రెండుసార్లు పెడతాను. ఒకటి నా దగ్గరున్న అసలు రికార్డులోంచి ఎక్కించింది. రెండోది ఈ మధ్య మళ్లీ వాయించి స్టీరియోలో వదిలారే, అది. ఏది ఏదో చెప్పండి చూద్దాం."

మొదటిది మొదలయింది. నా ఆరంభ సంగీతమే! నా హృదయం పొంగింది. వీణ, వయొలిన్లు, వేణువు. వేణువు శిఖరం తాకింది. నేను మృదంగం కోసం సిద్ధమయ్యాను. అది రాలేదు. వేణువు తీరిగ్గా మెట్టుమెట్టుగా దిగింది, దానికి క్లారినెట్టు బదులు పలికింది, ఆ తరువాత గానీ మృదంగం రాలేదు. నేను చేయి పైకెత్తాను.

"ఆపండి. ఇది నకలు. అసలులో ఈ దిగడం లేదు. ఎవరో అతికించారు."

పెద్దాయన రెండవది పెట్టారు. అందులోనూ వేణువు దిగింది, క్లారినెట్టు పలికింది. బల్ల కింద బావ నా పాదం తొక్కాడు. కానీ గణితం చదివినవాడిని. ఎదుట ఉన్న ఆధారాల నుంచి తేలే నిర్ణయం ఒక్కటే.

"రెండూ నకళ్లే" అన్నాను.

"మరి అసలుది ఎక్కడుంది బాబూ?" అన్నారు పెద్దాయన, చాలా మర్యాదగా.

"నా గదిలో."

"అయితే పదండి, వినొద్దాం."

"ఇదెక్కడి చోద్యమండీ!" అన్నది ఆయన భార్య లోపలి నుంచి. "పెళ్లిచూపుల రోజున మనమెళ్లి అబ్బాయి గది చూసొస్తామా?"

"నేనూ వస్తాను నాన్నగారూ" అన్నది అమ్మాయి.

పెద్దాయన జీపులో నలుగురం కొత్తపేటకు వెళ్లాము. దారిలో బావ నా వైపు చూడనే లేదు. క్యాసెట్టు పెట్టాను. వీణ, వయొలిన్లు, వేణువు, శిఖరం; మరుక్షణం మృదంగం. విజయగర్వంతో చుట్టూ చూశాను. పెద్దాయన వెనక్కు తిప్పి మళ్లీ పెట్టమన్నారు. ఈసారి, ఎన్నడూ పట్టించుకోని ఒక చిన్న 'టక్' నాకు కూడా వినబడింది.

"దుకాణం వాళ్ల రికార్డు మీద గీత పడిందండీ" అన్నది అమ్మాయి నెమ్మదిగా. "ముల్లు ఎగిరి, ఆ దిగడమంతా దాటేసింది."

"సచ్చినం పో" అన్నాడు బావ, గోడతో.

"అంటే బాబూ, ఇన్నాళ్లూ మీరు మెచ్చుకున్నది ఆ గీతనన్నమాట!" పెద్దాయన నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండుననిపించింది. ఆయన లేచి చెప్పుల కోసం చూశారు. సంబంధం ఆ చెప్పులతోపాటే గడప దాటుతున్నదని నాకు తెలుస్తూనే ఉన్నది.

అప్పుడు అమ్మాయి నన్ను నేరుగా అడిగింది: "అసలు, నకలు అటుంచండి. మా ఇంట్లో విన్న రెండింట్లో మీకేది బాగుంది?"

నిజమే చెప్పాను: "నేను వినలేదండీ. సరిచూశాను."

ఆమె నవ్వింది, తలుపు గడియ చప్పుడైనట్టు, ఒక్కసారిగా. "నాన్నగారూ, వచ్చే ఆదివారం వీరిని మళ్లీ పిలవండి. ఈసారి వినడానికి."

"విన్నా మళ్లీ ఏదో ఒకటి అంటారేమోనే" అన్నారు పెద్దాయన. అయినా పిలిచారు. ఆ ఆదివారం రెండింటినీ పూర్తిగా విన్నాను. తరువాతి ఆదివారం కూడా. మాఘమాసంలో మా వివాహం జరిగింది.

ఆ రెండింటి మాట ఇప్పటికీ మా ఇంట్లో తేలలేదు. అసలు ముద్రణలో వాద్యకారులందరూ ఒకే గదిలో కూర్చుని వాయించారు. ఒకరు తప్పితే అందరూ మొదటికి రావలసిందే. ఆ జాగ్రత్త ప్రతి స్వరంలోనూ బిగిసి ఉంటుంది. వేణువు ఎక్కుతుంటే తక్కినవారు ఊపిరి బిగబట్టినట్టే వినిపిస్తుంది. మళ్లీ వాయించినదానిలో ఆ బిగువు లేదు. కానీ పాతదానిలో వయొలిన్ల కింద అణగిపోయిన వీణ మీటు మీటుగా పలుకుతుంది. అంత చక్కని వీణ అక్కడున్నదని కొత్తదానివల్లే తెలిసింది. నా శ్రీమతి ఓటు పాతదానికి. నేను వారానికొక పక్షం మారుస్తుంటాను. ఒకప్పుడు నిమిషంలో తీర్పు చెప్పినవాడికి ఇది తగిన గతే.

మొన్న ఎల్‌బీ నగర్ మెట్రో స్టేషన్ మెట్లు నెమ్మదిగా దిగుతుంటే ఆ యువకుడు గుర్తుకు వచ్చాడు: ఇస్త్రీ మడత నలగని చొక్కా, గాలిలో నిలబెట్టిన చేయి, "ఆపండి" అన్న గొంతు. ఎదురైతే, చేయి దించి బుద్ధిగా కూర్చోవయ్యా అని మందలించాలనిపించింది. ఆలోచించి మానుకున్నాను. వాడు బుద్ధిగా కూర్చుని ఉంటే, ఆమె వాడి గది దాకా వచ్చి ఉండేది కాదు.