మిగిలిన గుండీ

దర్జీకి మనుషులంటే అనుమానం. అద్దంలో తన మొహం కనబడినా ఎవరో తొంగిచూస్తున్నారని వెనక్కి తిరిగే రకం. అలాంటివాడు బజారు సంఘం మీటింగులో అధ్యక్షుడితో తగాదా పడి గెలవడం, పక్క కొట్లో పళ్లమ్మే అతని వదిన కళ్లారా చూసింది.

తగాదా ఆడవాళ్ల మరుగుదొడ్డి గురించి. బజారంతటికీ ఉన్నది అదొక్కటే. దాన్ని పడగొట్టి తన బట్టలకొట్టుకి గోడౌను కట్టుకుంటానని అధ్యక్షుడు పట్టుబట్టాడు. సంఘంలో కొట్లవాళ్లకీ, వాటిలో పనిచేసేవాళ్లకీ అందరికీ ఓటుంది. ఓటంటే చెయ్యెత్తడమే. అధ్యక్షుడి కొట్లో జీతానికున్న అమ్మాయిలు ఆయన చూపు తగిలితే చాలు, చంకలో చీమ కుట్టినట్టు చేతులెత్తేసేవారు.

"చేతులొద్దు, అందులో దొంగలెక్కలుంటాయి" అన్నాడు దర్జీ. "మనిషికో నల్లగుండీ, తెల్లగుండీ ఇస్తా. నా కొట్లో తెర వెనక్కి వెళ్లండి. గోడౌను కావాలంటే తెల్లది, వద్దంటే నల్లది ఓట్ల సంచిలో వెయ్యండి. మిగిలింది పక్క సంచిలో పడెయ్యాలి."

"మిగిలింది నీకెందుకయ్యా?" అన్నాడు అధ్యక్షుడు.

"జేబులో వేసుకుపోరని ఏంటి నమ్మకం?"

వదిన లేచింది. "గుండీల దొంగలమా మేము? ఛీ, నీ బుద్ధి తగలెయ్యా!"

"అందరికన్నా నీమీదే అనుమానం వదినా."

అరుపులతో తల వాచిపోయి అధ్యక్షుడే దిగొచ్చాడు. "వాడి గుండీలు వాడి మొహాన కొట్టండి!" అన్నాడు. గెలుపు తనదేనని ఆయన ధీమా.

వదినకి మాత్రం మరిది మీదే అనుమానం. ఆ జాగా మీద వీడే కన్నేశాడేమో! లేకపోతే ఎన్నడూ లేనిది వీడికీ గొడవెందుకు?

ఓట్ల సంచి బోర్లిస్తే బల్ల నల్లబడింది. తెల్లవి నువ్వుల్లో బియ్యపుగింజల్లా అక్కడక్కడా. అధ్యక్షుడు గిర్రున తన కొట్లో బిల్లులు రాసే అమ్మాయి వైపు తిరిగాడు. నిండు నెలల మనిషి.

"ఏదీ, నీ దగ్గర మిగిలిన గుండీ చూపించు!"

ఆ పిల్ల రెండు చేతులూ చాచింది. ఖాళీ. "దర్జీగారు ఉంచుకోనివ్వలేదు కదండీ."

గుండీలు పోతాయని అంత రాద్ధాంతం చేసిన దర్జీ, రెండో సంచి విప్పైనా చూడకుండా బల్లకిందకి తోసేశాడు. అది వదిన కంటబడింది.

జనం వెళ్లాక పట్టుకుంది. "అందుకా మరిదీ! ముందే చెప్పి చావచ్చుగా?"

"నెమ్మదిగా! చెబితే ఆయన ఒప్పుకుని ఛస్తాడా? వచ్చే మీటింగులోనూ ఈ పద్ధతే సాగాలి." దర్జీ అటూ ఇటూ చూసి తెర లాగాడు. "నాకో సాయం చెయ్యి వదినా. బేరానికొచ్చిన ప్రతివాళ్ల దగ్గరా నన్ను కడిగెయ్యి. ఒక్క గుండీ కోసం ప్రాణాలు తోడేసే పిసినారి అని చెప్పు. నీ నోటితో చెబితే నమ్ముతారు."