ఓ క్షణం ఆగి చెప్పిన జవాబు

మెట్టకూరు అవతలి రొయ్యల చెరువులకి సిగ్నల్ అందాలని ఆమధ్య మా ఫోన్ కంపెనీ బిగించిన రెండు బూస్టర్లూ సరిచూసి, ఒళ్లు హూనమై యానాం బస్సులో కూలబడ్డాను. పక్కసీటావిడ ఒళ్లో ఖాళీ క్యారేజీ ఉంది. వాళ్లాయన ఆ చెరువుల దగ్గరే కాపలాట, అన్నం ఇచ్చి వస్తోంది.

“ఫోన్లో అన్నం తిన్నారా అంటే, ఓ క్షణం ఆగి తిన్నానంటారండి. ఆగారంటే తిననట్టే కదండీ? అందుకే రోజూ తెస్తున్నాను, ఈ క్యారేజీ మోత నావల్ల కావట్లేదు.”

“ఆగేది ఆయన కాదమ్మా, మా బూస్టర్లు. మాట ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్లేసరికి ఆలస్యమవుతుంది.”

“ఏమోనండీ,” అంటూ క్యారేజీ దగ్గరికి లాక్కుంది.

మర్నాడు ఒక బూస్టర్ తీసేసి, రెండోదాని యాంటెన్నా ఎత్తు పెంచాను. సిగ్నల్ తగ్గలేదు, మాట ఆగలేదు.

ఇప్పటికీ క్యాంపులో ఉన్నప్పుడు మా ఆవిడ ఫోన్ చేసి “తిన్నారా?” అంటే, తినకపోయినా వెంటనే తిన్నానంటాను.